పచ్చి తిండితో సరిపడా కేలరీలు: లెక్క, తూకం, వరుస

కొన్నాళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్న దాదాపు ఒకటే. “పండ్లు, మొలకలు, సలాడ్ కడుపునిండా తింటున్నాను. అయినా సాయంత్రానికి కాళ్లు లాగేస్తున్నాయి, ఎందుకు?”

ఎందుకో నాకు అనుభవమే. పచ్చి తిండి మొదలుపెట్టిన మూడో వారంలో మాదాపూర్‌లో ఆఫీసు మెట్లు దిగుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. రోడ్డు దాటి, బండి దగ్గర నిలబడి ఎనిమిది మిర్చి బజ్జీలు తిన్నాను. ఇంటికొచ్చాక, బజ్జీలకు ముందు ఏమేం తిన్నానో, వాటిలో ఎన్ని కేలరీలున్నాయో కాగితం మీద రాసుకున్నాను.

- పుచ్చకాయ ముక్కలు అరకిలో: 150
- బొప్పాయి 300 గ్రాములు: 130
- పెసర మొలకలు ఒక కప్పు: 140
- కీరా, క్యారెట్, టమాటా: 80
- జామకాయ ఒకటి: 70
- కొబ్బరిబోండం ఒకటి: 60
- బీట్‌రూట్, క్యారెట్ జ్యూస్: 100

మొత్తం 730. తిన్నది రెండు కిలోలకు కాస్త తక్కువ, నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టాయి. మంచం మీద కదలకుండా పడుకున్నా నా ఒంటికి 1,250 దాకా కావాలి. బరువు తగ్గే డైట్లలో కేలరీలు మించకుండా లెక్కపెడతారు. ఇక్కడ తక్కువ పడకుండా లెక్కపెట్టుకోవాలి. కింద రాసిందంతా అందుకోసమే.

పచ్చి తిండి అంటే ఇక్కడ సుమారు 45–48 డిగ్రీలకు మించి వేడి చేయనిది. బెల్లం కూడా పొయ్యి మీద వండిందే కదా అనేవాళ్లు బెల్లం బదులు ఖర్జూరం వాడుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

1. ముందు, ఇది మీకు పనికొస్తుందా?

కింది వాటిలో ఒక్కటి ఉన్నా డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

- షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నారు
- కిడ్నీ సమస్య ఉంది (అరటి, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ)
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు
- రక్తం పలచబడే మందు వేసుకుంటున్నారు (ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే మందు లెక్క తప్పుతుంది)
- ఇప్పటికే బరువు తక్కువగా ఉన్నారు

పిల్లలకైతే అసలు వద్దు. వాళ్ల కడుపు చిన్నది, అవసరం పెద్దది. ఇంత నీరు, పీచు ఉన్న తిండితో వాళ్లకు కావాల్సింది అందదు.

మిగతావాళ్లు మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని రిపోర్టు దాచుకోండి. మూడు నెలల తర్వాత పోల్చుకోవడానికి కావాలి.

2. మీకు రోజుకు ఎన్ని కావాలి?

మిఫ్లిన్-సెయింట్ జోర్ అనే సూత్రం ఉంది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే రెండు నిమిషాల పని.

- బరువు (కిలోలు) × 10
- దానికి ఎత్తు (సెంటీమీటర్లు) × 6.25 కలపండి
- అందులోంచి వయసు × 5 తీసేయండి
- ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయండి, మగవాళ్లయితే 5 కలపండి

ఇది కదలకుండా పడుకున్నా ఒంటికి కావాల్సింది. రోజంతా కుర్చీలోనే ఉంటే దీన్ని 1.2తో, ఇంటిపని, కాస్త నడక ఉంటే 1.375తో, వారంలో నాలుగైదు రోజులు గట్టి వ్యాయామం ఉంటే 1.55తో గుణించండి.

నాకు 38 ఏళ్లు, 62 కిలోలు, 158 సెంటీమీటర్లు. 620 + 987.5 − 190 − 161 = 1,256. దాన్ని 1.375తో గుణిస్తే సుమారు 1,730.

వ్యాయామం దగ్గర చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. వారానికి రెండుసార్లు కేబీఆర్ పార్కు చుట్టూ నడిచి 1.55 వేసుకోవద్దు.

వచ్చిన అంకెను మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కతో సరిచూసుకోవచ్చు. కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాళ్లకు రోజుకు 2,110, 55 కిలోల ఆడవాళ్లకు 1,660 అని 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి ఇచ్చిన సిఫారసులో ఉంది. మీ అంకె దీనికి మరీ దూరంగా ఉంటే ఎక్కడో గుణింతం తప్పింది. ఎత్తు అడుగుల్లో వేసి తికమక పడ్డవాళ్లను చూశాను.

3. తూకం మిషన్ లేకుండా మొదలుపెట్టొద్దు

“గుప్పెడు పల్లీలు” అంటే మా అమ్మ గుప్పెట్లో 25 గ్రాములు, మా ఆయన గుప్పెట్లో 50. తేడా 140 కేలరీలు. గ్రాముల్లో చూపించే చిన్న వంటింటి తూకం ఒకటి కొనుక్కోండి. జీవితాంతం తూచక్కర్లేదు, మొదటి మూడు వారాలు చాలు. ఆ తర్వాత కంటికే తెలిసిపోతుంది.

తూచేటప్పుడు జరిగే తప్పులు నాలుగు.

తొక్కతో తూచడం. 150 గ్రాముల అరటిపండు తొక్క తీస్తే 100. సీతాఫలంలో, దానిమ్మలో తినేది దాదాపు సగమే. తొక్క, గింజ తీశాకే తూకం.

మొలకలను మొలకలుగా తూచడం. పెసలు నీళ్లు తాగి రెండింతలకు పైనే అవుతాయి. నీళ్లకు కేలరీలు లేవు. కాబట్టి నానబెట్టే ముందే పొడి పెసలు తూచి రాసుకోండి. 50 గ్రాముల పొడి పెసలు అంటే సుమారు 175 కేలరీలు, మొలకలెత్తాక గిన్నె నిండా కనిపించినా సరే.

నానబెట్టిన బాదం, పల్లీలను తూచడం. ఇదీ అంతే, పొడిగా ఉన్నప్పుడే.

ప్యాకెట్ మీది అంకెను పూర్తిగా నమ్మడం. పచ్చి బాదం పలుకుగా నమిలితే అందులోని కొవ్వంతా ఒంటికి పట్టదు. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో కొలిస్తే, 170 కేలరీలు అనుకున్న 28 గ్రాముల బాదంలో ఒంటికి అందింది 129 మాత్రమే. మెత్తగా నూరుకుంటే ఈ నష్టం తగ్గుతుంది. మా ఇంట్లో నువ్వులు, పల్లీలు రోటికో మిక్సీకో వెళ్లేది అందుకే.

4. దేనిలో ఎన్ని ఉన్నాయి?

తినే భాగం 100 గ్రాములకు సుమారుగా రాస్తున్నాను. రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది.

కడుపు నింపేవి:
- కీరా 15, టమాటా 18, పుచ్చకాయ 30
- క్యారెట్ 41, బొప్పాయి 43, బత్తాయి 45

మధ్యరకం:
- మామిడి 60, జామ 68, ద్రాక్ష 69
- సపోటా 83, అరటి 90, సీతాఫలం 95

బరువైనవి:
- ఖర్జూరం 280
- పెసలు (పొడివి) 347
- పచ్చి కొబ్బరి 354
- జీడిపప్పు 553, గుమ్మడి గింజలు 559, పల్లీలు 567, నువ్వులు 573, బాదం 579

నా 1,730 కేలరీలు పుచ్చకాయతోనే రావాలంటే దాదాపు ఆరు కిలోల ముక్కలు తినాలి. నా మొదటి కాగితంలో ఉన్నవి దాదాపు అన్నీ మొదటి జాబితావే. అసలు తప్పు అక్కడ జరిగింది.

5. రోజును కట్టే వరుస

చాలామంది సలాడ్‌తో మొదలుపెట్టి, కడుపులో చోటు మిగిలితే గింజలు వేసుకుంటారు. ఈ వరుసను తిరగేయండి.

ముందు బరువైనవి రాసుకోండి. రోజు మొత్తంలో సగానికి పైగా వీటి నుంచే రావాలి. తర్వాత మధ్యరకం పండ్లు. కీరా, టమాటా, ఆకులు ఆఖర్న, మిగిలిన చోటుకే. వీటికి గరిష్ఠం పెట్టుకోండి, నాకు 300 గ్రాములు.

తినేటప్పుడు కూడా ఇంతే. మధ్యాహ్నం గిన్నెలో మొలకలు, కొబ్బరి ముందు, కీరా తర్వాత.

కొత్త వంటకాలు వెతుక్కోనక్కర్లేదు. శ్రీరామనవమి నాడు పెట్టే వడపప్పును చూడండి. నానబెట్టిన పెసరపప్పు, కొబ్బరి కోరు, మామిడి తురుము. చిమ్మిలి అంటే నువ్వులు, బెల్లం కలిపి దంచిన ఉండ. చిన్న ముద్దలో ఇంత బలం ఎలా పెట్టాలో మన ఇళ్లలో ఎప్పుడో తెలుసు.

6. నా ఒక రోజు, గ్రాములతో

పొద్దున 8కి: అరటిపండ్లు 250 గ్రా. (225), ఖర్జూరం 30 గ్రా. (85), రాత్రి నానబెట్టిన పల్లీలు 30 గ్రా. (170). మొత్తం 480.

11 గంటలకు: జామకాయలు 200 గ్రా. (135).

మధ్యాహ్నం 1.30కి: 50 గ్రాముల పెసల మొలకలు (175), పచ్చి కొబ్బరి కోరు 50 గ్రా. (175), కీరా, క్యారెట్, టమాటా 300 గ్రా. (75). మీద నిమ్మకాయ, ఉప్పు, కొత్తిమీర, పచ్చిమిర్చి. మొత్తం 425.

సాయంత్రం 4.30కి: బాదం 20 గ్రా. (115), గుమ్మడి గింజలు 20 గ్రా. (110), సపోటా 150 గ్రా. (125). మొత్తం 350. బజ్జీల బండి వైపు కాళ్లు లాగే సమయం ఇదే కాబట్టి దీన్ని మాత్రం వదలొద్దు.

రాత్రి 7.30కి: బొప్పాయి 300 గ్రా. (130), నువ్వులు 30 గ్రా. (170), ఖర్జూరం 20 గ్రా. (55) కలిపి నూరిన ఉండలు. మొత్తం 355.

అంతా కలిపితే 1,745.

ప్రొటీన్ సుమారు 50 గ్రాములు వస్తుంది. కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున నాకు కావాల్సింది 51. గుమ్మడి గింజలు లేని రోజున 45 దగ్గరే ఆగిపోతోంది, అందుకే అవి చేర్చి ఖర్జూరాలు తగ్గించాను. బి12 మాత్రం ఇందులో సున్నా. ఎన్ని మొలకలు తిన్నా రాదు. డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్ర వేసుకోవాల్సిందే.

పండ్లు కాలాన్ని బట్టి మార్చుకోండి. వేసవిలో జామ చోట మామిడి, వానలు తగ్గాక సపోటా చోట సీతాఫలం. గింజలు, ఖర్జూరాలు నెలకోసారి బేగంబజార్‌లో, పండ్లు, కూరగాయలు వారానికి రెండుసార్లు రైతుబజార్‌లో కొంటే ఖర్చు అదుపులో ఉంటుంది. నాకు ఎర్రగడ్డ దగ్గర.

7. కొన్నాక, తినే ముందు

వండే తిండిలో మన పొరపాట్లను మంట కాస్తుంది. ఇక్కడ ఆ ఆధారం లేదు.

మొలకలకు పెసలు రాత్రి ఎనిమిది గంటలు నానాలి. ఎండాకాలంలో ఐదారు గంటలు చాలు, అంతకు మించితే వాసన వస్తుంది. నీళ్లు వంపి, పలచటి గుడ్డలో కట్టి, ఆరేడు గంటలకోసారి తాగేనీటితో కడగండి. మొలక కనిపించగానే ఫ్రిజ్‌లోకి. ఏప్రిల్, మేలో మూట వంటింట్లో వేలాడదీసి ఆఫీసుకు వెళ్తే, తిరిగొచ్చేసరికి జిగురు సాగుతుంది. వేళ్ల మధ్య నలిపి చూడండి, జారుతున్నట్టు ఉన్నా, పుల్లటి వాసన ఉన్నా పారేయండి. మొలకెత్తే వెచ్చదనం, తేమ సూక్ష్మజీవులకూ కావాల్సినవే. ముసలివాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువున్న వాళ్లకు మొలకలు ఆవిరి పట్టే పెట్టండి, డైట్ నియమం తప్పినా ఫర్వాలేదు.

ఆకుకూరల విషయంలో నాది కాస్త మొండి పద్ధతి. నగరం దాటాక మూసీ నీళ్లతో పండించే ఆకుకూరలు మన మార్కెట్లకు వస్తాయి. కడిగితే మట్టి పోతుంది, మురుగులోంచి వచ్చినదంతా పోతుందన్న నమ్మకం నాకు లేదు. ఎక్కడ పండిందో తెలియని ఆకును పచ్చిగా తినను. కొత్తిమీర, పుదీనా బాల్కనీ కుండీల్లో పెంచుకుంటాను.

ఇంకొన్ని జాగ్రత్తలు:

- నల్లబడిన, ముడుచుకుపోయిన, బూజు వాసన వచ్చే పల్లీలు ఏరి పారేయాలి. కడిగినా, నానబెట్టినా ఆ బూజు విషం పోదు
- రాజ్మా మొలకలు పచ్చిగా తినకూడదు, కొన్ని గింజలకే వాంతులు పట్టుకుంటాయి
- కంద, చేమ ఈ డైట్‌లో లేవనుకోండి
- సొరకాయ జ్యూస్ చేదుగా తగిలితే వెంటనే ఉమ్మేయాలి. ఆరోగ్యం కదా అని గుక్కపెట్టి తాగితే ప్రాణం మీదికి వస్తుంది
- కాచని పాలు వద్దు
- పండ్లు, కూరలు కోయకముందే పారే నీటి కింద రుద్ది కడగాలి. కోసి పెట్టిన ముక్కలు బయట కొనొద్దు

8. ఒక్కరోజులో మారొద్దు

పైన రాసిన రోజులో పీచు సుమారు 60 గ్రాములుంటుంది. అన్నం, పప్పు తినే కడుపుకు అది ఒక్కసారిగా చేరితే ఏమవుతుందో పక్క సీట్లో కూర్చున్నవాళ్లు చెబుతారు.

మొదటి వారం పొద్దున పూట మాత్రమే మార్చండి. రెండో వారం సాయంత్రం చిరుతిండి. మూడో వారం మధ్యాహ్నం. కడుపు మాట వింటేనే రాత్రి భోజనం జోలికి వెళ్లండి. మొలకలు 20 గ్రాముల పొడి పెసలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. శనగల మొలకలు గ్యాస్ ఎక్కువ చేస్తాయి, మొదటి నెల వాటిని పక్కన పెట్టండి.

9. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

పొద్దున పార్కు బయట మొలకల కప్పు తిని టిఫిన్ అయిపోయిందనుకోవడం. ఆ కప్పులో నూటయాభై దాటవు. దానికి రెండు అరటిపండ్లు, 30 గ్రాముల పల్లీలు తోడైతే టిఫిన్.

జ్యూస్ మీద బతకడం. పిప్పి పోతుంది, ఆకలి త్వరగా తిరిగొస్తుంది. కేలరీల కోసం తాగాలంటే అరటి, ఖర్జూరం, కొబ్బరి కలిపి మిక్సీలో వేసి వడకట్టకుండా తాగండి. కొబ్బరి 50, అరటి 150, ఖర్జూరం 20 గ్రాములు వేస్తే 365 వస్తాయి.

కొవ్వంటే భయం. “పల్లీలు తింటే లావైపోతాను వదినా” అని మా ఆడపడుచు అంటుంది. ఇడ్లీ చట్నీలో తినేదానికంటే ఎక్కువేమీ కాదని తూచి చూపించాను. మొత్తం లెక్కలో ఉన్నంతవరకు పల్లీలకు భయపడనక్కర్లేదు.

దానికి విరుగుడుగా గింజలే తినడం. రోజుకు 200 గ్రాముల జీడిపప్పు, బాదం అంటే 1,100 దాటుతాయి. లెక్క నిండుతుంది, కడుపు బరువెక్కి పండ్లకు చోటుండదు. అన్నీ కలిపి నేను 100 గ్రాములు దాటను.

రోజూ పాలకూర స్మూతీ. పచ్చి పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ. రోజూ కట్టలకొద్దీ తాగితే కిడ్నీలో రాళ్లకు దారి. మన ఎండల్లో నీళ్లు తక్కువ తాగేవాళ్లకు మరీ.

సోమవారం నుంచి శుక్రవారం పచ్చిది, ఆదివారం బిర్యానీ మీద దండయాత్ర. ఇది మనసు బలహీనత కాదు, ఐదు రోజుల లోటు. వారం మధ్యలో రోజుకు 200 పెంచి చూడండి, ఆదివారం దానంతట అదే మెత్తబడుతుంది.

10. రెండో వారం నుంచి: తూకం మీద మీరే నిలబడండి

సూత్రం ఇచ్చే అంకె అంచనా మాత్రమే. మనవాళ్లకు అది కొంచెం ఎక్కువ చూపించవచ్చు కూడా. అసలు సంగతి చెప్పేది మీ బరువు.

వారానికి మూడుసార్లు, పొద్దున లేచి బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు చూసుకోండి. మూడింటి సగటు రాసుకోండి. మొదటి వారం తగ్గుదలలో నీరే ఎక్కువ, లెక్కలోకి తీసుకోవద్దు. తర్వాత వారానికి అరకిలో కంటే ఎక్కువ పడుతుంటే 200 కేలరీలు పెంచండి.

200 అంటే వీటిలో ఏదో ఒకటి:
- పల్లీలు 35 గ్రా.
- నువ్వులు 35 గ్రా.
- పచ్చి కొబ్బరి 55 గ్రా.
- ఖర్జూరం 70 గ్రా.
- తొక్క తీసిన అరటి 220 గ్రా.

బరువు నిలకడగా ఉన్నా ఇవి కనిపిస్తే తిండి చాలట్లేదనే అర్థం:

- ఫ్యాన్ కింద కూడా చలి, చేతులు చల్లబడటం
- అర్ధరాత్రి ఆకలికి మెలకువ
- జుట్టు మామూలుకంటే ఎక్కువ రాలడం
- ఇంట్లోవాళ్ల మీద ఊరికే విసుక్కోవడం (దీన్ని మీకంటే ముందు వాళ్లు గుర్తిస్తారు)
- పీరియడ్స్ ఆలస్యం కావడం, రాకపోవడం

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఏళ్ల తరబడి పచ్చి తిండి మీద ఉన్న ఐదువందల మందికి పైగా జర్మన్లను అడిగి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 45 ఏళ్లలోపు ఆడవాళ్లలో సుమారు 30 శాతం మందికి పీరియడ్స్ క్రమం తప్పడమో ఆగిపోవడమో కనిపించింది. బరువు ఎంత తక్కువైతే, తిండిలో పచ్చిది ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ.

నాకు నాలుగో నెలలో పన్నెండు రోజులు ఆలస్యమైంది. ఆ వారమే డాక్టర్‌ను కలిసి, రాత్రి పూటకు వండిన తిండి తెచ్చుకున్నాను. ఇప్పుడు పగలంతా పైన రాసిన వరుసే. రాత్రి నువ్వుల ఉండలు, బొప్పాయి తీసేసి ఒక జొన్నరొట్టె, కప్పు పప్పు తింటాను. 355 పోయిన చోట దాదాపు అంతే వస్తుంది.